సిద్దిపేట నీళ్ల దారిలో ఒక ఎండాకాలపు రోజు

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిచ్చారంటే చాలు, ప్రతి ఇంట్లో ఒకటే మాట: ఎటన్నా పోయొద్దాం. పిల్లలకు నీళ్లు కావాలి, పెద్దవాళ్లకు నీడ కావాలి, ఇల్లు నడిపేవాళ్లకు రాత్రికల్లా తిరిగి రాగలిగే దూరం కావాలి. తెలంగాణ నడిమధ్యలో ఉన్నవాళ్లు సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాలి. అందుకే కొన్నేళ్లుగా హైదరాబాద్, కరీంనగర్, మెదక్ వైపు కుటుంబాలు సిద్దిపేట దారి పడుతున్నాయి. ఊరిని ఆనుకుని కోమటి చెరువు ఉంది. సుమారు పది కిలోమీటర్ల దూరంలో చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ ఉంది. జిల్లాలోనే ఇంకాస్త తిరిగితే మల్లన్న సాగర్, కొండపోచమ్మ సాగర్ కనిపిస్తాయి.

మే నెలలో సిద్దిపేటకు నీళ్లు చూడటానికి పోవడమంటే ముప్పై ఏళ్ల కింద ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఈ ప్రాంతం గోదావరి, కృష్ణ రెండింటికీ దూరంగా, ఎత్తైన మెరక మీద ఉంది. వానాకాలంలో నిండిన చెరువులు మాఘ ఫాల్గుణాలకే అడుగంటేవి. నడివేసవిలో చెరువు మధ్యలో పశువులు మేసేవి, పిల్లలు ఆటలాడేవాళ్లు. ఈత నేర్చుకోవాలంటే వ్యవసాయ బాయే గతి. తాగునీటికే కటకటగా ఉండే ఊరు ఇది. 1990ల చివర్లో కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు నుంచి సిద్దిపేట నియోజకవర్గానికి తాగునీటి పథకం వచ్చింది. అప్పుడు ఇక్కడి శాసనసభ్యుడు కె. చంద్రశేఖరరావు. తర్వాత రాష్ట్రమంతటికీ వచ్చిన మిషన్ భగీరథకు ఆ పథకమే నమూనా. ఆ మిషన్‌ను కూడా ఈ జిల్లాలోనే, గజ్వేల్ దగ్గరి కోమటిబండలో, 2016 ఆగస్టు 7న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు.

ఆ తర్వాత కాళేశ్వరం ఎత్తిపోతల పథకం వచ్చింది. గోదావరి మీద మేడిగడ్డ దగ్గర సముద్ర మట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తులో ఉన్న నీటిని దశలవారీగా పైకి ఎత్తి, ఎల్లంపల్లి, మధ్య మానేరు, అన్నపూర్ణ జలాశయాల మీదుగా సిద్దిపేటకు తేవాలన్నది ప్రణాళిక. ఆ దారి చివర కొండపోచమ్మ సాగర్ నిండు మట్టం 618 మీటర్లు. రంగనాయక సాగర్‌లోకి నీళ్లు వదిలింది 2020 ఏప్రిల్ 24న, కొండపోచమ్మ సాగర్‌లోకి అదే ఏడాది మే 29న. రెండూ మండు వేసవిలోనే. లాక్‌డౌన్ రోజులు కావడంతో మొదటి నీళ్లను జనం గుంపులుగా వచ్చి చూడలేకపోయారు. ఆంక్షలు సడలాక మాత్రం కట్టల మీద బండ్లు బారులు తీరాయి.

ఇలా వచ్చిన నీటికి ఖర్చుంది. చంద్లాపూర్ దగ్గర భూగర్భంలో ఉన్న పంప్‌హౌస్‌లో ఒక్కొక్కటి 134 మెగావాట్ల మోటార్లు నాలుగున్నాయి. నాలుగూ ఒకేసారి తిరిగితే 536 మెగావాట్లు కావాలి. రామగుండం ఎన్‌టీపీసీలోని 500 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిచినా వీటికి చాలదు. ఇంత కరెంటు పోసి ఎత్తిన నీరు ముందుగా యాసంగి వరికి పోతుంది. అందుకని ఎండాకాలంలో జలాశయం మట్టం ఒక్కో ఏడు ఒక్కో రకంగా ఉంటుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ కుంగింది. ఆ తర్వాతి రెండేళ్లలో ఎల్లంపల్లి నుంచి ఎత్తిన నీరే ఇటు వచ్చింది. పోయినేడు అలలు కట్టకు కొట్టిన చోట ఈ ఏడు రాళ్లు తేలి ఉండొచ్చు. ప్రయాణం అనుకోగానే ముందు కనుక్కోవాల్సిన సంగతి ఇదే.

ఇంకో ఖర్చు కూడా ఉంది, అది లెక్కకు అందేది కాదు. జిల్లాలో అన్నిటికంటే పెద్ద జలాశయం మల్లన్న సాగర్, 50 టీఎంసీలు. 2022 ఫిబ్రవరి 23న జాతికి అంకితం చేశారు. ఆ నీటి కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్ వంటి ఊళ్లున్నాయి. వేములఘాట్ జనం భూములు వదలబోమని నెలల తరబడి రిలే నిరాహార దీక్షలు చేశారు. ఊళ్లు ఖాళీ అయ్యాక ఎక్కువమందికి గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి దగ్గర కాలనీ కట్టి ఇళ్లిచ్చారు. మల్లన్న సాగర్ కట్ట మీద నిలబడి ఫోటో దిగే కుటుంబం పిల్లలకు ఈ ఊళ్ల పేర్లు కూడా చెప్పాలి. నీళ్లు ఎట్లా వచ్చాయో, ఎవరి పొలం మీద నిలిచాయో తెలిస్తే చూపు మారుతుంది. ప్లాస్టిక్ సీసా నీట్లోకి విసరబోయిన చెయ్యి ఆగుతుంది.

ఇక ప్రయాణం సంగతి. హైదరాబాద్ నుంచి సిద్దిపేట సుమారు 100 కిలోమీటర్లు. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, కుకునూరుపల్లి, దుద్దెడ దాటితే ఊరు వస్తుంది. సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండ్ నుంచి ఈ దారిలో బస్సులు నడుస్తూనే ఉంటాయి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులుండవు. రాష్ట్రంలో ఉంటున్నట్టు చూపే గుర్తింపు కార్డు చేతిలో ఉంటే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. అమ్మ, అత్త, ఇద్దరు ఆడపిల్లలు ఉన్న ఇంటికి దారి ఖర్చులో సగానికి పైగా మిగిలినట్టే.

రైలు కూడా ఉంది. 2023 అక్టోబర్ 3న సిద్దిపేటకు మొదటి ప్రయాణికుల రైలు వచ్చింది. మనోహరాబాద్ నుంచి కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్లు వేయతలపెట్టిన లైనులో, మనోహరాబాద్ నుంచి సిద్దిపేట దాకా 76 కిలోమీటర్లు అప్పటికి పూర్తయింది. రోజుకు నడిచే బండ్లు తక్కువే కాబట్టి, రైలు కిటికీ పక్కన కూర్చోవాలని పిల్లలు పట్టుబడితే రాకకో పోకకో ఒక్కదానికి రైలు పెట్టుకుని, రెండోదానికి బస్సు ఎక్కడం మంచిది. స్టేషన్‌లో దిగాక చెరువుకు, జలాశయానికి ఆటోలు మాట్లాడుకోవాల్సి ఉంటుంది.

ఏ వేళకు ఎక్కడ ఉండాలన్నదీ ముఖ్యమే. షికాగోలో ఉండే తెలుగు కుటుంబాలు జూలై వారాంతాల్లో మిషిగన్ సరస్సు ఒడ్డునున్న సౌత్ హేవెన్ లాంటి రేవు ఊళ్లకు పోతుంటాయి. అక్కడ పొద్దున పదింటికి బయల్దేరి మధ్యాహ్నమంతా ఇసుకలో కూర్చుంటారు. చలిదేశపు పద్ధతి అది. ఆ పెద్ద సరస్సులో చలికాలం మంచు కడుతుంది. వాళ్లకు ఎండ కోసం ఎదురుచూపు. దక్కన్‌లో మే నెల మధ్యాహ్నం అదే పని చేస్తే వడదెబ్బే. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ దాన్ని వడగాలి కింద లెక్కగడుతుంది. సిద్దిపేటలో అలాంటి రోజులు వస్తుంటాయి. కాబట్టి ఇక్కడి రోజును పొద్దును బట్టి మూడు ముక్కలు చేసుకోవాలి: తెల్లవారుజాము జలాశయానికి, నడిమధ్యాహ్నం నీడపట్టుకు, సాయంత్రం చెరువుకు.

మే నెల మధ్యలో ఇక్కడ ఆరు గంటలకు ముందే పొద్దు పొడుస్తుంది. ఆ వేళకు రంగనాయక సాగర్ కట్ట మీద ఉంటే రోజులోకెల్లా మంచి గంట దక్కినట్టు. జలాశయం మధ్యలో ఒక గుట్ట ఉంది. చుట్టూ నీరు చేరాక అది దీవిలా మిగిలింది, దాని మీద నీటిపారుదల శాఖ భవనం కనిపిస్తుంది. ఈ జలాశయం సామర్థ్యం 3 టీఎంసీలు, అంటే సుమారు ఎనిమిదిన్నర వేల కోట్ల లీటర్లు. కట్ట మీద ఒకవైపు తిరిగితే నీళ్లు, రెండోవైపు తిరిగితే కింద కోతకు వచ్చిన యాసంగి వరి, కోసిన మళ్లలో వడ్ల కుప్పలు. ఎనిమిది దాటితే కట్ట మీది రాళ్లు వేడెక్కడం మొదలవుతుంది. తొమ్మిదికల్లా అక్కడి నుంచి కదలాలి.

నీట్లోకి దిగకూడదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సినదే. 2025 జనవరి 11న హైదరాబాద్ నుంచి కొండపోచమ్మ సాగర్‌కు వచ్చిన ఏడుగురు యువకుల్లో ఐదుగురు మునిగి చనిపోయారు. ఇవి అంచు నుంచి కొంచెం కొంచెంగా లోతయ్యే పాత ఊరచెరువుల్లాంటివి కావు. కట్ట లోపలి వాలుకు రాళ్లు పరిచి ఉంటాయి, తడిసిన చోట నాచు పట్టి కాలు నిలవదు. నీటి కింద పాత బావులు, మట్టి తవ్విన గుంతలు ఉంటాయి. ఒక అడుగు మోకాలి లోతులో పడితే మరుసటి అడుగుకు నేల అందకపోవచ్చు. బాయిలో ఈత నేర్చినవాళ్లకు కూడా ఇక్కడ ధైర్యం పనికిరాదు. సెల్ఫీ కోసం వాలు దిగే పిల్లవాణ్ణి వెనక్కి పిలవడం ఆ ఇంటి పెద్దల పని, కావలి మనిషి కోసం చూడకూడదు.

రంగనాయక సాగర్ నుంచి ఊళ్లోకి వచ్చేటప్పటికి ఆకలి వేస్తుంది. దారి పక్కన తాటి ముంజలు అమ్మేవాళ్లు కనిపిస్తే బండి ఆపాలి. గెల నుంచి తెంపిన కాయను ఎడమ చేత్తో పట్టుకుని, కొడవలితో పైభాగం అడ్డంగా ఒక్క వేటు వేస్తారు. లోపల మూడు కన్నులు తేలతాయి. లేత కాయైతే బొటనవేలు దూర్చగానే ముంజ కదిలి నీళ్లు చేతి మీదుగా కారతాయి. ముదిరితే గోరు దిగదు. లేతవి ఏరి ఇమ్మని అడిగితే అమ్మేవాళ్లే కాయను చూసి చెప్తారు. తాటాకులో కట్టిచ్చిన ముంజలు ఎండలో ఎక్కువసేపు నిలవవు, అక్కడికక్కడే తినాలి.

సద్ది ఇంటి నుంచి తెచ్చుకుంటే మేలు. ఎండకు పాడుకానివి చూసుకోవాలి: మామిడికాయ పులిహోర, సర్వపిండి, ఉల్లిగడ్డ, సల్ల. పప్పు, కొబ్బరి వేసినవి పదింటికే వాసన వస్తాయి. మనిషికి రెండు సీసాల నీళ్లు, ఉప్పు కలిపిన సల్ల లేదా ఓఆర్‌ఎస్ పొట్లాలు, నెత్తికి రుమాలు ఉండాలి. పళ్లాలు స్టీలువే తేవాలి. సిద్దిపేటలో దీనికో మంచి అలవాటు నడుస్తోంది. పెళ్లిళ్లకు, విందులకు ప్లాస్టిక్ పళ్లాలు వాడకుండా స్టీల్ బ్యాంకులు పెట్టుకున్నారు. పళ్లాలు, గ్లాసులు అక్కడ తీసుకుని, పని అయ్యాక తోమి తిరిగి ఇస్తారు. అలాంటి ఊరికి వచ్చి చెరువుగట్టున థర్మోకోల్ పళ్లెం పడేసి పోతే తప్పు.

మధ్యాహ్నం ఎక్కడ గడపాలన్నది అసలు ప్రశ్న. సగం ప్రయాణాలు ఇక్కడే పాడవుతాయి, పదకొండు నుంచి నాలుగు దాకా ఏం చేయాలో ఎవరూ అనుకోరు కాబట్టి. ఒక దారి, ఊళ్లోనే ఉండి గొల్లభామ చీరలు నేసే మగ్గం చూడటం. సిద్దిపేట చేనేతకు పేరు తెచ్చింది, భౌగోళిక గుర్తింపు తెచ్చింది ఈ చీరే. నెత్తిన కుండ పెట్టుకుని నడిచే గొల్లభామ బొమ్మ దీని అంచులో, కొంగులో ఉంటుంది. అది అద్దింది కాదు, నేసింది. మామూలు నేతలో మగ్గం చప్పుడు ఒకే లయలో నడుస్తుంది. బొమ్మ దగ్గరికి రాగానే ఆ లయ ఆగుతుంది. నేతగాడు రంగు పోగును వేళ్లతో పట్టి, కావలసినన్ని నిలువు పోగుల కింద నుంచి దూర్చి, ఒక్క వరుస కొట్టి, మళ్లీ ఇంకో రంగు అందుకుంటాడు. కుండ, ముఖం, కుచ్చెళ్లు అలా వరుస వెంట వరుసగా తేలతాయి. ఒక చీర మీద ఎన్ని భామలుంటే అన్నిసార్లు అదే ఓపిక. చూసి కొంటే ధర ఎందుకంతో అడగాల్సిన పని ఉండదు. మగ్గం ఉన్న ఇంటికి పోయేముందు చేనేత సహకార సంఘంలో అడిగి పోవాలి, భోజనాల వేళకు తలుపు తట్టకూడదు.

రెండో దారి జనగామ రోడ్డు మీది చేర్యాల. అక్కడి నకాశీ కుటుంబాలు గీసే పటాలకు కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. ఖాదీ గుడ్డకు గంజి, చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిపి పూతల మీద పూతలు వేసి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు దించుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ. ఊరూరా పటం విప్పుతూ కథ చెప్పేవాళ్లకోసం పుట్టిన కళ ఇది. పోయే దారిలోనే కొమురవెల్లి మల్లన్న దర్శనం కూడా అవుతుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు జాతరతో కిక్కిరిసే గుడి, వేసవిలో నెమ్మదిగా ఉంటుంది. అయితే రెండు దారులూ ఒక రోజులో కుదరవు. చంటిపిల్లలు, ముసలివాళ్లు ఉంటే ఊళ్లో ఉండటమే మంచిది. సొంత బండి, ఓపిక ఉన్నవాళ్లు చేర్యాల పోయి ఐదింటికల్లా సిద్దిపేట చేరొచ్చు.

సిద్దిపేట గాలి బొమ్మల్లో చూడాలనుకునేవాళ్లకు కాపు రాజయ్య పేరు తెలిసి ఉండాలి. 1925లో ఈ ఊళ్లో పుట్టి, 2012లో కన్నుమూసిన చిత్రకారుడు. నకాశీ పటాల గీతను, రంగును తీసుకుని బోనాలు, బతుకమ్మ, పల్లె ఆడవాళ్లను కాన్వాసు మీదికి తెచ్చారు. గొల్లభామ చీర, చేర్యాల పటం చూసిన కళ్లతో ఆయన బొమ్మ చూస్తే మూడూ ఒకే నేల మీద పుట్టినవని తెలిసిపోతుంది.

ఐదున్నరకు ఎండ మెత్తబడ్డాక కోమటి చెరువు. ఇది ఊరి పాత చెరువు. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రమంతటా చెరువుల పూడిక తీశారు. నల్లటి ఆ పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. కోమటి చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దారు. నడకదారి, ఉద్యానవనం, నీటి మీద వేలాడే వంతెన, పడవలు ఉన్నాయి. వేలాడే వంతెన మీద పదిమంది ఒకేసారి అడుగులేస్తే కింద నుంచి సన్నగా ఊగుతుంది. భయపడే పిల్లల్ని ఎత్తుకోకుండా చెయ్యి పట్టుకుని నడిపిస్తే రెండోసారికి వాళ్లే ముందు పరుగెత్తుతారు.

పడవ ఎక్కేవాళ్లకు ఒక్క నియమం: లైఫ్ జాకెట్ ముందు, పడవ తర్వాత. 2019 సెప్టెంబర్ 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి పదులమంది చనిపోయారు. తెలంగాణ కుటుంబాలు కూడా అందులో ఉన్నాయి. చిన్న చెరువే కదా, పది నిమిషాలే కదా అని జాకెట్ చేతిలో పట్టుకుని కూర్చోకూడదు. బిగించి కట్టుకోవాలి, పిల్లల కొలతది అడిగి తీసుకోవాలి, సరిపడేది లేకపోతే గట్టునే ఉండాలి. గాలి లేచినా, మబ్బు పట్టినా ఆ పూట పడవ మానాలి. మే నెలలో సాయంత్రపు ఉరుముల వాన చెప్పకుండా వస్తుంది.

ఈ నీళ్ల మీద బతికేవాళ్లూ ఉన్నారు. గంగపుత్రులు, ముదిరాజులు సహకార సంఘాలుగా చెరువుల్లో చేప పెంచుతారు. రవ్వ, బొచ్చె, బంగారు తీగ వలకు పడతాయి. కొర్రమీను దొరికితే పండగే, అది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. జూన్ 7 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప తినాలన్నది తెలంగాణ ఇళ్లలో పాత ఆనవాయితీ. సెలవుల్లో ముందు కుదరని కుటుంబాలు ఆ కార్తెకు దగ్గరి ఆదివారం చూసుకుంటే, ఎండ కాస్త తగ్గుతుంది, చేపల బజారూ కళకళలాడుతుంది. పట్టిన వాళ్ల దగ్గర కొంటే చేప తాజాగా ఉంటుంది, నాలుగు రూపాయలు వాళ్ల చేతికే పోతాయి.

ఆదివారం బయల్దేరేవాళ్లు శనివారం సాయంత్రమే కనుక్కోవాల్సినవి మూడున్నాయి. రంగనాయక సాగర్‌లో నీళ్లెంత ఉన్నాయి, కట్ట మీదికి పోనిస్తున్నారా? కోమటి చెరువులో పడవలు నడుస్తున్నాయా, ఎన్నింటి దాకా? తిరుగు బస్సు, రైలు చివరిది ఎప్పుడు? సిద్దిపేటలో తెలిసినవాళ్లకు ఒక ఫోను చేస్తే మొదటి రెండూ తేలిపోతాయి. మూడోది బస్టాండులోనో స్టేషన్‌లోనో అడగాలి. మూడింటికీ జవాబు దొరికితే ఆ రాత్రే పులిహోరకు అన్నం వండి ఆరబెట్టుకోవచ్చు, తెల్లవారుజామున నాలుగింటికి పిల్లల్ని లేపొచ్చు.